కాస్పరోవ్ మీద నలుగురం: పాత ఆటకి కొత్త ఓట్లు

పని ఏమిటంటే

1999లో చదరంగం దిగ్గజం గ్యారీ కాస్పరోవ్ ఒకవైపు, ఇంటర్నెట్ ముందు కూర్చున్న జనమంతా ఇంకోవైపు ఆడిన ఆట ఒకటుంది. జూన్ 21న మొదలై అక్టోబరు 22న ముగిసింది. మైక్రోసాఫ్ట్ గేమింగ్ జోన్‌లో జరిగింది. ఎత్తుకి ఒక రోజు గడువు. తెల్లపావులు కాస్పరోవ్‌వి. నల్లపావుల తరఫున 75కు పైగా దేశాల నుంచి 50,000 మందికి పైగా ఓట్లేశారు. ఎక్కువ ఓట్లు ఏ ఎత్తుకి పడితే అది బోర్డు మీదికి వచ్చేది. 62 ఎత్తుల్లో ప్రపంచం ఓడిపోయింది. అయినా ఒక్క ఆట కోసం అంత కష్టం తానెప్పుడూ పడలేదని కాస్పరోవే తర్వాత చెప్పాడు.

ఆ ఆటని నల్లవైపు కూర్చుని మళ్లీ ఆడటమే మా పని. రాత్రికొక స్థితి ఇస్తాం, వాదించుకుంటాం, ఓటేస్తాం. ఆ తర్వాతే అప్పటి జనం ఏం వేశారో విప్పుతాం. మా వాదనలన్నీ తెలుగు వ్యాఖ్యలుగా ఆ ఎత్తు పక్కన ఎక్కించడం నా వంతు. ఇంజిన్ (ఎత్తులు లెక్కకట్టే ప్రోగ్రాము) ముట్టుకోకూడదు. ఈ ఆటకి కంప్యూటర్ చెప్పే అంకెలు ఎవరికైనా క్షణంలో వస్తాయి. మాకు కావలసింది ఆ అంకెలు కావు, పోట్లాట.

మాస్టారు తెనాలిలో లెక్కల టీచరుగా రిటైరయ్యారు. ఆట మొత్తం ఆయన పాత నోటుపుస్తకంలో రాసి ఉంది, కాబట్టి కాస్పరోవ్ వేషం ఆయనకే ఇచ్చాం. ఇప్పుడు అందరం "కాస్పరోవ్ గారూ" అంటున్నాం, ఆయనా పలుకుతున్నారు. బావ డాలస్‌లో ఉంటాడు, మా రాత్రి వాడికి పొద్దున. అక్క విశాఖలో బ్యాంకు ఉద్యోగి. రేటింగు మా అందరికంటే ఎక్కువ, మాట అందరికంటే తక్కువ. తమ్ముడు వరంగల్లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడి లెక్కలో బుల్లెట్ (నిమిషాల్లో ముగిసే మెరుపు ఆట) తప్ప మిగతాది ఆటే కాదు. ఎత్తుకి ఒక రోజు అనగానే "రోజంతనా? రెండు నిమిషాల్ల గేమే అయిపోతది గదన్నా" అన్నాడు. ఓటర్లలో నాలుగోవాణ్ని నేను.

సరంజామా

లీచెస్ అనే చదరంగం సైటులో ఒక స్టడీ (ఎత్తుల పక్కన వ్యాఖ్యలు రాసుకునే పుస్తకం లాంటిది) తెరిచాను. సెట్టింగుల్లో కంప్యూటర్ విశ్లేషణ ఎవరికీ కనపడకుండా మూసేశాను. ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ (పాత ఆటల్లోని ఎత్తుల జాబితా), టేబుల్‌బేస్ (చివరి స్థితుల జవాబు పట్టిక) ఉండే మీట కూడా అంతే. ఒక స్టడీలో 64 అధ్యాయాలు పడతాయి. ఎత్తుకొక అధ్యాయం చొప్పున 62 పోతే రెండు మిగులుతాయి. ఆ రెండింట్లో ఏం పెట్టాలన్న దాని మీద ఒక్క పావు కదలకముందే గొడవ మొదలైంది. ఒకటి తన జోకుల సంకలనానికి వదలాలని బావ పట్టు. "రెండు సరిపోవు" అంది అక్క. అది ఒప్పుకోలో ఎత్తిపొడుపో వాడికింకా తేలలేదు.

ఓట్లు మొదట వాట్సాప్ పోల్‌లో పెట్టాం. అది పనికిరాలేదు. అక్క ఓటు పడ్డ మరుక్షణం మిగతా వేళ్లన్నీ అటే వాలేవి. అందుకే పద్ధతి మార్చాం. రాత్రి తొమ్మిదిలోపు ఎవరి ఎత్తు వాళ్లు, ఎందుకో రెండు వాక్యాలు రాసి నాకు విడిగా పంపాలి. అన్నీ చేరాక పేర్లు తీసేసి ఒకేసారి గ్రూపులో పెడతాను. పేర్లు తీసినా దాగేదేం లేదు. "గట్టిగ కొట్టాలె" అని ఉంటే అది ఏ ఊరి నుంచి వచ్చిందో ఎవరికి తెలియదు?

1999లోనూ ఇదే చిక్కు. జనానికి దారి చూపడానికి నలుగురు కుర్ర ఆటగాళ్లను పెట్టారు: ఫ్రాన్స్ నుంచి ఎతియెన్ బాక్రో, అమెరికా నుంచి ఫ్లోరిన్ ఫెలెకాన్, ఇరినా క్రష్, జర్మనీ నుంచి ఎలిజబెత్ పేట్స్. నలుగురూ ఇరవై నిండనివాళ్లే. క్రష్‌కి అప్పుడు 15 ఏళ్లు. మిగతావాళ్లు ఎత్తు చెప్పి నాలుగు ముక్కలు రాస్తే, ఆమె జనంతో కలిసి లోతుగా తవ్వి, కొమ్మలు కొమ్మలుగా విశ్లేషణ పెట్టేది. చాలా ఎత్తులకు ఆమె మాటే నెగ్గింది. ఎత్తు మంచిదైనంత మాత్రాన ఓటు పడదు, ఎందుకు మంచిదో ఎదుటివాడికి ఎక్కాలి. మా నలుగురిలో ఆ విద్య అక్కకి లేదు, బావకి ఉంది. ఈ ప్రాజెక్టుకి అసలు తలనొప్పి అదే.

10వ ఎత్తు

తొమ్మిది ఎత్తుల దాకా ఓట్లు పెట్టలేదు, అవన్నీ చదరంగం పుస్తకాల్లో ఉన్న ఎత్తులే. గడుల పేర్లు ఇలా: నిలువు వరసలు ఏ నుంచి హెచ్ దాకా, అడ్డ వరసలు 1 నుంచి 8 దాకా. సిసిలియన్ అనే ఈ ఆరంభంలో కాస్పరోవ్ మూడో ఎత్తుకే బిషప్‌ని బీ5 మీద పెట్టి చెక్ ఇచ్చి, వాదాలెక్కువున్న రాచబాటలు వదిలేశాడు. బిషప్‌లు మారాయి. పదో ఎత్తుకి తెల్లగుర్రం డీ4 నుంచి ఈ2కి వెనక్కి తగ్గింది.

మా ఓట్లు: కాస్లింగ్‌కి (రాజుని ఏనుగు చాటుకి చేర్చే ఎత్తు) మూడు. తమ్ముడిది ఒక్కటే వేరు, సీ6 గుర్రాన్ని ఈ5కి దూకించి సీ4 బంటుని పట్టాలని.

కాస్పరోవ్ గారు జవాబు విప్పారు: మంత్రి ఈ6కి.

బావ ఊరుకుంటాడా! "ఇదేం ఎత్తండీ మాస్టారూ? సొంత బంటుకే అడ్డంగా మంత్రిని నిలబెడతారా? రాజు ఇంకా గుమ్మం దాటలేదు, మంత్రి అప్పుడే బజారున పడిందా?" అని వాయిస్ మెసేజి. క్రష్ పక్షం నుంచి వచ్చిన కొత్త ఎత్తు ఇది, అంతకుముందు ఎవరూ వేసింది కాదని మాస్టారు చెప్పినా వాడు తగ్గలేదు.

అక్క మాట్లాడలేదు. కాసేపటికి స్టడీలో రెండు బాణాలు గీసింది. ఒకటి ఈ6 నుంచి నేరుగా కిందికి ఈ4 బంటు మీదికి. ఇంకొకటి ఏటవాలుగా సీ4 బంటు మీదికి. ఒక్క ఎత్తుతో రెండు బంట్లూ బెదిరింపులో పడ్డాయి. బీ3 బంటు జరిపితే సీ4 దక్కుతుంది, ఈ4ని మన గుర్రం తింటుంది. ఎఫ్3 జరిపితే ఈ4 దక్కుతుంది, సీ4 పోతుంది. తెల్లమంత్రి డీ3కి వస్తే రెండింటినీ కాస్తుంది. అప్పుడు సీ6 గుర్రం ఈ5కి దూకి ఆ మంత్రినీ, సీ4నీ ఒకేసారి అడుగుతుంది. "అంటే నా గుర్రమే కదక్కా! ఒక ఎత్తు ముందుగాల చెప్పిన, గంతే!" అని తమ్ముడు ఆ రాత్రంతా గ్రూపులో ఊరేగాడు.

కాస్పరోవ్ ఇవేవీ వేయలేదు. కాపలా మానేసి సీ3 గుర్రాన్ని డీ5కి దూకించాడు. నల్లమంత్రి ఈ4 తిన్నది. గుర్రం సీ7కి వచ్చి రాజునీ, ఏ8 ఏనుగునీ ఒకే దెబ్బకి పట్టింది. రాజు డీ7కి జరిగాడు, గుర్రం ఏనుగుని తిన్నది, మన మంత్రి సీ4 బంటుని కూడా మింగింది.

ఇక్కడ కాసేపు ఆగి బోర్డు చూడండి. తెల్లగుర్రం ఏ8 మూలన ఇరుక్కుంది. నల్లరాజు వెనక వరస ఖాళీ చేశాడు కాబట్టి హెచ్8 ఏనుగుకి ఆ మూల దాకా అడ్డమే లేదు. ఎటూ చావు తప్పని గుర్రం బీ6 మీదికి దూకి చెక్ ఇచ్చి మరీ చచ్చింది. ఏ7 బంటు దాన్ని తినడంతో నల్లబంట్లు రెండు బీ వరసలో ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. తమ్ముడు మురిసిపోయాడు: "చచ్చుకుంట గూడ మన బంట్లు పాడుజేసి పోయింది చూడన్నా!"

మాస్టారికి లెక్కలంటే ప్రాణం కదా, వెంటనే కూడిక వేశారు. మంత్రులు వదిలేస్తే తెల్లకి రెండు ఏనుగులు, బిషప్, గుర్రం, అయిదు బంట్లు: 21. నల్లకి ఒక ఏనుగు, బిషప్, రెండు గుర్రాలు, ఏడు బంట్లు: 21. "సమానమే, కానీ రాజు నడివీధిలో ఉన్నవాడికి 21 అంటే 21 కాదు" అన్నారు. బావ మాత్రం ఆ రోజు నుంచి ఈ6 ఎత్తు తనే కనిపెట్టినట్టు మాట్లాడుతున్నాడు. మొదట వెక్కిరించిన వాయిస్ మెసేజి నా దగ్గర భద్రంగా ఉంది. 64లో మిగిలిన రెండు అధ్యాయాల్లో ఒకటి నిండినట్టే.

18వ ఎత్తు, విచారణ

తెల్లమంత్రి బీ3కి వచ్చింది. అక్కణ్నుంచి ఎఫ్7 బంటునీ, బీ6 బంటునీ రెండింటినీ చూస్తోంది. స్థితి పెట్టీపెట్టగానే తమ్ముడి జవాబు వచ్చింది: ఎఫ్ బంటు రెండు గళ్లు, ఎఫ్5కి. అప్పటి జనం వేసింది కూడా అదే.

"ఒరేయ్, నిజం చెప్పు, ఇది నువ్వు చూశావా, స్టాక్‌ఫిష్ ఇంజిన్ చూసిందా?" అన్నాడు బావ.

"అమ్మతోడు బావా, నేనే!"

ఒట్లు చెల్లవని అక్క తీర్మానం. వీడియో కాల్ పెట్టి, వాడి చేతికి చెక్క బోర్డు ఇచ్చి, ఫోన్ వాళ్ల రూమ్మేట్ చేత పట్టించి విచారణ చేశాం. వాడు చెప్పింది స్టడీలో ఉన్నదున్నట్టు ఎక్కించాను: "ఎఫ్7ల ఉంటే మంత్రి తింటది, ఎఫ్5కి పోతే తినదు. ఉత్తగ పారిపోలే, ఈ4ల ఉన్న మన మంత్రికి కాపలా గూడ అయితది. బీ6 తింటే తిననీ, గుర్రం డీ4కి దుంకుతది, మంత్రి, జీ7 బిషప్ రెండు దానికి కాపలా. ఆడికెళ్లి ఈ2ల చెక్ ఉన్నది." ఒక్క ఎత్తు ముందుకి కాదు, మూడు ముందుకి చూశాడు. నిర్దోషి అని తేల్చాం. బావ మాత్రం "సాక్ష్యాలు చాలక వదిలేశాం" అని రికార్డులో రాయించాడు.

1999 నాటి జనం దగ్గర కంప్యూటర్లు లేక కాదు. అంతకు రెండేళ్ల ముందే డీప్ బ్లూ అనే కంప్యూటర్ కాస్పరోవ్‌ని ఓడించింది. కానీ ఇళ్లలో ఉన్న ప్రోగ్రాములు ఈ ఆటలో అడుగు తేల్చలేకపోయేవి, ఒకటి బాగుందంటే ఇంకొకటి బాగాలేదనేది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రష్యా ఆటగాడు ఖలీఫ్‌మన్ తాలూకు గ్రాండ్‌మాస్టర్ స్కూల్ వాళ్లు కూడా జనం పక్షాన తలలు పెట్టారు. అందరి విశ్లేషణనీ కలిపి ఒక చెట్టుగా నిలబెట్టడమే పెద్ద పని. ఆ పని ఎంత బరువో మా నాలుగు వాదనలు సర్దుతుంటేనే నాకు తెలిసొస్తోంది.

20 నుంచి 31 దాకా

ఇవి గబగబా జరిపాం, ఓట్లలో పెద్ద తేడాలు రాలేదు. ఏనుగులు ఒక జత మారాయి. తెల్లమంత్రి హెచ్7, జీ6 బంట్లు తినేసింది, నల్లబిషప్ బీ2 తిన్నది. ఒక్కటి మాత్రం రాసుకోవాలి: 21వ ఎత్తుకి కాస్పరోవ్ హెచ్3 అని చిన్న బంటుని ఒక గడి జరిపాడు. "ఇంత యుద్ధంల గిదేంది, వాకిలి ఊడ్సుకుంటుండా?" అని తమ్ముడు. ఈ5కి వచ్చిన మన బిషప్ హెచ్2 బంటుని చెక్‌తో సహా తినడానికి కాచుక్కూర్చుంది, అది వాడు చూడలేదు. బుల్లెట్ ఆడేవాళ్లకి ఎదుటివాడి భయం కనపడదు, తమ దెబ్బే కనపడుతుంది. ఇది నా అభిప్రాయం, వాడికి నచ్చలేదు, స్టడీలో అలాగే ఉంచాను.

31వ ఎత్తుకి మంత్రులు మారిపోయాయి. తెల్లకి ఏనుగు, బిషప్, మూడు బంట్లు. నల్లకి బిషప్, గుర్రం, అయిదు బంట్లు. తెల్లబంట్లు జీ, హెచ్ వరసల్లో ఇటు పరుగెత్తాలి, నల్లబంట్లు బీ వరసలో అటు.

44 నుంచి 50 దాకా

ఈ ఏడు ఎత్తులకి పట్టినంత సమయం మాకు ఇంకెక్కడా పట్టలేదు.

తెల్లబంటు హెచ్7కి చేరింది, ఇంకొక్క అడుగు వేస్తే మంత్రి. నల్లది బీ2లో ఉంది, దానికీ ఒక్క అడుగే. నల్లగుర్రం జీ6కి వచ్చి హెచ్8 గడిని కాచింది. దీని మీద వాదన లేదు, నాలుగు ఓట్లూ అటే. తెల్లరాజు ఈ4 మీదుగా ఆ గుర్రం వైపు నడక మొదలెట్టాడు. నల్లరాజు సీ2కి వచ్చి ఏనుగుని తరిమాడు, ఏనుగు హెచ్1కి వెళ్లి బంటు వెనక నిలబడింది. మన రెండో బంటు డీ3కి. తెల్లరాజు ఎఫ్5కి, గుర్రం మెడ మీదికి.

47కి జనం వేసింది బీ1లో మంత్రి. వెంటనే ఏనుగు దాన్ని తినేస్తుంది. "మంత్రిని జేసుడెందుకు, మల్ల ఇచ్చుడెందుకు?" అని తమ్ముడి ప్రశ్న. ఈసారి అక్కే నోరు విప్పింది. కాగితం మీద రెండు వరసలు గీసి ఫొటో పెట్టింది. తెల్ల: ఏనుగు బీ1 తింటుంది, రాజు గుర్రాన్ని తింటాడు, బంటు మంత్రి అవుతుంది. నల్ల: రాజు ఏనుగుని తింటాడు, బంటు డీ2కి, బంటు మంత్రి అవుతుంది. ఆ త్యాగం హెచ్ వరసలో ఉన్న ఏనుగుని లాగి పారేసింది, మిగిలింది అడుగుల లెక్క. ఇద్దరికీ 50వ ఎత్తులోనే మంత్రులు. ఒక్క అడుగు ఎక్కడ తప్పినా ఒకరికే మంత్రి ఉండేది. "ఇదేదో బ్యాంకులో డెబిట్, క్రెడిట్ టాలీ చేసినట్టుందే!" అని బావ అంటే "అందుకే నాకు అర్థమైంది" అంది.

బీ1 ఓటు నాలుగుకి మూడు. ఒప్పుకోనిది బావ, కారణం "నాకు మంత్రుల్ని ఇవ్వడం ఇష్టం ఉండదు". రెండో వాక్యం రాయలేదు కాబట్టి నియమం ప్రకారం ఆ ఓటు చెల్లలేదు. దాని మీద అప్పీలుకి వెళ్లాడు, కాస్పరోవ్ గారు కొట్టేశారు.

51వ ఎత్తు: ఇప్పుడు ఇక్కడున్నాం

బోర్డు మీద మిగిలినవి: తెల్లరాజు జీ6, మంత్రి, జీ5 బంటు. నల్లరాజు బీ1, మంత్రి డీ1, బీ7, డీ6 బంట్లు. కాస్పరోవ్ తన కొత్త మంత్రిని హెచ్8 నుంచి హెచ్7కి జరిపాడు. చూడ్డానికి మొద్దు ఎత్తు, సొంత రాజు వెనక దాక్కున్నట్టుంది. కానీ హెచ్7 నుంచి ఏటవాలుగా గీత గీయండి: జీ6, ఎఫ్5, ఈ4, డీ3, సీ2, బీ1. ఆ గీత చివర నల్లరాజు ఉన్నాడు. మధ్యలో అడ్డం తెల్లరాజు ఒక్కడే. వాడు పక్కకి తప్పుకుంటే చాలు, వెనకున్న మంత్రి చెక్ ఇస్తుంది. ఈ గీత ముందు చూసింది నేనే, ఆ ఘనత రికార్డులో ఉండాలి.

మా ఓట్లు రెండు ముక్కలయ్యాయి. రాజుని ఏ1 మూలకి తీసి ఆ గీత నుంచి తప్పించాలని అక్కా నేనూ. బీ5కి బంటు నడపాలని బావా తమ్ముడూ. అక్క వాదన ఇది: "ఇక్కడ మనం బతకాలంటే ఆగకుండా చెక్‌లు ఇవ్వాలి. మన బంట్లే ఆ దారుల్లో నిలబడి తెల్లరాజుకి గొడుగు పడతాయి, వాటిని నడపాలన్న ఆశ వద్దు." బావది: "బంటు నడిస్తే వాడికీ ఒక బెంగ ఉంటుంది, ఊరికే మూలకెళ్లి కూర్చుంటే ఎవడు భయపడతాడు?" బావ వాక్యమే బాగుందని ఒప్పుకోక తప్పదు. ఎత్తు బాగుందా అంటే నాకు నమ్మకం లేదు.

1999లో నెగ్గింది బీ5. ఆ రోజు ఓట్ల లెక్క మీద అప్పుడే అనుమానాలు రేగాయి, ఒక్కరే బోలెడు ఓట్లేశారన్న ఆరోపణలు వచ్చాయి. ఇది చెప్పగానే మా నాలుగు ఓట్లలోనూ రిగ్గింగ్ జరిగిందని బావ ప్రకటన, అదీ తనవైపు ఎత్తే అసలు ఆటలో నెగ్గాక! 58వ ఎత్తు దగ్గర క్రష్ విశ్లేషణ సమయానికి జనానికి అందక ఇంతకంటే పెద్ద రగడ అయింది. అక్కడికి ఇంకా పోలేదు, ఆ అధ్యాయానికి ఖాళీ ఎక్కువ ఉంచుకున్నాను.

ఇప్పుడు కొత్త పంచాయితీ టేబుల్‌బేస్ గురించి. పావులు లెక్కపెడితే సరిగ్గా ఏడు. ఏడు పావుల దాకా ఏ స్థితి గెలుపో, ఏది డ్రానో పూర్తిగా లెక్కకట్టి పెట్టిన పట్టికలు ఇప్పుడు ఉన్నాయి. మాస్కోలో లొమొనోసొవ్ సూపర్ కంప్యూటర్ మీద 2012లో ఒకసారి కట్టారు, లీచెస్‌లో ఉన్న సిజిజీ పట్టికలు 2018లో ఏడు పావులకి చేరాయి. 1999 నాటి జనానికి ఈ సదుపాయం లేదు. నేను సెట్టింగుల్లో ఒక్క మీట మారిస్తే ఏ1 సరైనదో బీ5 సరైనదో తేలిపోతుంది. ఇప్పుడే తెరవాలని బావ, తమ్ముడు. 62 అయ్యేదాకా ముట్టుకోవద్దని అక్క, నేను. మళ్లీ రెండు రెండు. కాస్పరోవ్ గారిని అడిగితే "ప్రత్యర్థికి ఓటు ఉండదు" అని తప్పుకున్నారు. కాబట్టి మీట మూసే ఉంది. ఎవరి ఎత్తు తప్పని తేలితే వాళ్లు మిగతావాళ్లకి తెనాలి బెల్లం జిలేబీ పంపాలి. డాలస్‌కి కొరియర్ ఖర్చు ఎవరిదన్నది ఇంకా తేలలేదు.

అసలు ఆట ప్రకారం బీ5 వేసి ముందుకు పోతున్నాం. ఏ1ని పక్క కొమ్మగా ఉంచాను, దాని కింద అక్క రాసింది మొత్తం ఎక్కించాలి.

రేపటి స్థితి: తెల్లరాజు జీ6 నుంచి ఎఫ్6కి తప్పుకున్నాడు, వెనక నుంచి మంత్రి చెక్. నల్లరాజు ఎటు పోవాలో, ఎందుకో, రాత్రి తొమ్మిదిలోపు రెండు వాక్యాలు. బావా, రెండూ రాయి. తమ్ముడూ, "గట్టిగ" అన్న మాట లేకుండా.